పోలండ్ వియ్యాలవారింట్లో చామంతులు

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా మా ఊరి శాఖా గ్రంథాలయంలో 2025 నవంబరులో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. లైబ్రేరియన్ గారు ఫోన్ చేసి, "మేడమ్, ఈసారి మీ విదేశ యాత్ర గురించి చెప్పండి" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. యాత్ర అంటే నలుగురూ చూసే చోట్లు చూసి రావాలి కదా. నేను రెండు నెలలు ఉండి, అందులో ముప్పాతిక భాగం ఒక చిన్న వంటింట్లో, నాలుగు కుర్చీల బల్ల దగ్గర గడిపి వచ్చాను. క్రాకుఫ్‌లో రాజుల కోట చూశాను, కాదనను. మనం పటంలో క్రాకోవ్ అని చదువుతామే, అదే ఊరు. దాని గురించి పుస్తకాలు ఈ బీరువాల్లోనే ఉంటాయి. వంటింటి గురించి అయితే నేనే చెప్పాలి.

మా చెల్లెలి కూతురు క్రాకుఫ్‌లో ఉద్యోగం చేస్తోంది. తనతో పనిచేసే పోలండ్ అబ్బాయిని ఇష్టపడి చేసుకుంది. 2019లో తెనాలిలో పెళ్లి చేశాం. అబ్బాయి తండ్రి అప్పటికే లేరు. తల్లి ఒక్కరే వచ్చారు. పెళ్లి భోజనాల దగ్గర జరిగిన సంగతి ముందు చెప్పాలి, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

ఆవిడకి అరిటాకు వేసి కూర్చోబెట్టాం. వడ్డించాం. ఆవిడ ఆకులో మెతుకు మిగల్చకుండా తిన్నారు. పెట్టింది వదిలేస్తే పెట్టినవాళ్లని చిన్నబుచ్చినట్టని ఆవిడ లెక్క. ఆకు ఖాళీ అయ్యిందంటే ఇంకా కావాలని మా లెక్క. మా మరిది గంటె పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మళ్లీ పులిహోర వేశాడు. ఆవిడ మళ్లీ తిన్నారు. మళ్లీ వేశాడు. ఆకు మడిచెయ్యాలని ఆ మహాతల్లికి ఒక్కరూ చెప్పలేదు. మూడోసారి బూరె పడ్డప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. మా వాళ్లు, "చూడండి, కూతురు ఇల్లు దొరికినట్టు ఎంత ఆనందపడుతోందో" అనుకున్నారు.

ఐదేళ్ల తర్వాత ఆవిడ బదులు తీర్చుకున్నారు. కావాలని కాదులెండి.

మా చెల్లెలికి మోకాళ్ల ఆపరేషన్ అయ్యింది, ప్రయాణం చెయ్యలేదు. "పెద్దమ్మా, నువ్వైనా రా, పిల్లకి మన వైపు వాళ్లెవరూ తెలియడం లేదు" అంది మా అమ్మాయి. నేను రిటైరై ఖాళీగా ఉన్నాను. సరే అన్నాను. వీసా కాగితాల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. ఆహ్వానపత్రం అన్నమాట. శుభలేఖ లాంటిది కాదు. మా వదినగారు, అంటే అల్లుడి తల్లి, వాళ్ల కలెక్టరాఫీసు లాంటి చోటికి వెళ్లి దాన్ని నమోదు చేయించాలి. ఈ మనిషి వసతి, తిండి, జబ్బు చేస్తే వైద్యం, చివరికి తిరుగు ప్రయాణం ఖర్చు కూడా నాదే పూచీ అని సంతకం పెట్టాలి. "రండి, మా ఇంటికి రండి" అని మనం రోజుకి పదిమందితో అంటాం. సర్కారు కాగితం మీద సంతకం పెట్టమంటే ఎంతమందిని పిలుస్తామో ఆలోచించండి.

వదినగారు అన్నాను కదా. వియ్యపురాళ్లు ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు, మా చెల్లెలికి ఆవిడ వదినైతే నాకూ వదినే. మనం తప్ప ఇంకెవరూ ఈ వరసలు పట్టించుకోరని నాకొక గర్వం ఉండేది. ఇంగ్లీషు వాడికి అందరూ అంకుల్, ఆంటీలే కదా. పోలిష్‌లో అల్లా కాదు. కొడుకు అత్తమామల్ని, కూతురి అత్తమామల్ని పిలవడానికి వాళ్లకి వేరే మాటలున్నాయి. వియ్యపురాలు అంటే స్వాతోవా. నాన్న తమ్ముణ్ణో అన్ననో స్ట్రియ్ అనేవారట, అమ్మ తరఫు మామని వుయ్ అనేవారట. ఇప్పటి పిల్లలు ఇద్దరినీ వుయెక్ అనేస్తున్నారని వదినగారి బాధ. మన పిల్లలు అంకుల్ అన్నప్పుడు మనం పడే బాధే. పెద్దమ్మ, పిన్ని, అత్త అందరూ అక్కడ చోచా. మనవరాలు మొదటిరోజే నన్ను "చోచా పెద్దమ్మా" అంది. ఆ పేరే ఖాయమైపోయింది.

అక్టోబరు ఆఖరి వారంలో దిగాను. వదినగారి ఊరు తార్నుఫ్. క్రాకుఫ్ నుంచి రైల్లో తూర్పుకి గంట ప్రయాణం. రైల్లో నాకు మనసు చివుక్కుమంది, ఉన్నమాట చెప్పాలి. ఎవరూ నవ్వరు. నేను ఎదుటి సీటావిడని చూసి నవ్వితే ఆవిడ కిటికీ వైపు తిరిగింది. టికెట్ చూసే అబ్బాయి మొహంలో ఒక్క గీత కదల్లేదు. ఈ మనుషుల మధ్య రెండు నెలలు ఎలా ఉండాలి దేవుడా అనుకున్నాను. తర్వాత తెలిసింది, కారణం లేకుండా నవ్వే కొత్తమనిషిని చూస్తే వాళ్లకి అనుమానమట. వీధిలో ఒక మొహం, గడప లోపల ఒక మొహం. మనకి వీధిలోనే అన్ని పలకరింపులూ అయిపోతాయి. వాళ్లు మొత్తం దాచి ఇంట్లో ఖర్చుపెడతారు.

గడప అన్నాను. వదినగారి ఫ్లాట్ మూడో అంతస్తులో. తలుపు తీశారు. నేను ఇవతల నుంచే రెండు చేతులూ చాపాను. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కున్నారు! నా గుండె జారింది. వెంటనే నా మణికట్టు పట్టుకుని లోపలికి లాగి, తలుపు వేసి, అప్పుడు కావలించుకుని ఈ బుగ్గ మీద, ఆ బుగ్గ మీద, మళ్లీ ఈ బుగ్గ మీద ముద్దు పెట్టుకున్నారు. గడప మీదుగా చేయి కలిపితే అరిష్టం, తగాదాలొస్తాయి అని వాళ్ల నమ్మకం. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. గడప మీద తుమ్మితే కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లే ఇంట్లో పుట్టినదాన్ని నేను. ఈవిడ మనావిడే అనుకున్నాను.

చెప్పులు బయట విప్పుతామని మనం గొప్పగా చెప్పుకుంటాం. వాళ్లూ విప్పుతారు. కాకపోతే విప్పాక మన ఇంట్లో వట్టి కాళ్లతో తిరుగుతాం, అక్కడ వచ్చినవాళ్ల కోసం ఒక బుట్ట నిండా ఇంటి చెప్పులు ఉంటాయి. కాప్‌చె అంటారు. నేను అలవాటుకొద్దీ వట్టి కాళ్లతో వంటింట్లోకి నడిచాను. ఆవిడ గోల గోల. కాళ్లకి చలి తగిలితే మూత్రపిండాలు చెడతాయట. రెండు నెలల్లో ఆవిడ నాతో నిజంగా కోప్పడింది ఆ ఒక్క విషయంలోనే.

ఇప్పుడు చామంతుల సంగతి.

వియ్యాలవారింటికి మొదటిసారి వెళ్తూ వట్టి చేతుల్తో వెళ్లం కదా. ఊరగాయలు, కారప్పొడులు పెట్టెలో ఉన్నాయి. నెయ్యి తీసుకెళ్లనివ్వరు, పాలతో చేసినవి, మాంసంతో చేసినవి యూరప్‌లోకి తేకూడదని నిబంధన. సరే, ఏవైనా పూలు తీసుకెళ్దామని రైలు స్టేషన్ బయట చూస్తే, ఆహా, ఎటు చూసినా చామంతులే! పసుపు, తెలుపు, ఊదా. బంతిలా గుండ్రంగా, కుండీల్లో. దేవుడి పూలు, మన పూలు, ఈ చలిలో! మా అమ్మాయి పిల్లని ఎత్తుకుని టాక్సీ పిలిచే హడావిడిలో ఉంది. అది చూసేలోపల నేను వేళ్లు చూపించి పెద్ద పసుపు కుండీ ఒకటి కొనేశాను. టాక్సీలో మా అమ్మాయి అది చూసి, "అయ్యో పెద్దమ్మా" అని ఊరుకుంది. ఎందుకే అంటే, "ఏం లేదులే" అంది.

లోపలికి లాగి ముద్దులు పెట్టుకున్నాక ఆ కుండీ ఆవిడ చేతిలో పెట్టాను. ఒక్క క్షణం, కనురెప్ప వేసేంత సేపు, ఆవిడ ఆగారు. తర్వాత రెండు చేతులతో తీసుకుని, "జెంకూయె, జెంకూయె" అంటూ కిటికీ దగ్గర పెట్టారు. జెంకూయె అంటే ధన్యవాదాలు. రోజూ నీళ్లు పోశారు.

పోలండ్‌లో చామంతి సమాధుల పువ్వు. నవంబరు 1 వాళ్లకి సకల పునీతుల పండగ. దేశం మొత్తం రైళ్లెక్కి, కార్లెక్కి సొంత ఊళ్లకి పోయి, పోయినవాళ్ల సమాధులు కడిగి, చామంతులు పెట్టి, గాజుబుడ్డి దీపాలు వెలిగిస్తుంది. స్టేషన్ బయట అన్ని చామంతులు ఉన్నది అందుకు. పుట్టినరోజుకో, భోజనానికో వెళ్తూ చామంతి ఇచ్చేవాళ్లు ఉండరు. పూలు ఇస్తే బేసి సంఖ్యలోనే ఇవ్వాలి, సరి సంఖ్య కూడా చావుకే. ఇదంతా నాకు మా అమ్మాయి చెప్పలేదు. వదినగారూ చెప్పలేదు.

నవంబరు 1 శుక్రవారం వచ్చింది. పొద్దున్నే ఆవిడ కిటికీ దగ్గర నుంచి నా కుండీ తీసి ఒళ్లో పెట్టుకుని కారెక్కారు. శ్మశానం అంటే మనకి వేరే ఊహ ఉంటుంది. అక్కడ తిరణాల్లా జనం. పిల్లలు, ముసలివాళ్లు, కొత్త కోట్లు. వదినగారు వాళ్లాయన సమాధి రాయి తుడిచి, నా చామంతుల్ని నడిమధ్యన పెట్టారు. ఫోన్‌లో ఏదో మాట్లాడి నాకు చూపించారు. తెలుగులో అక్షరాలు వచ్చాయి. "ఆయన కోసం మీరు అంత దూరం నుంచి తెచ్చారు." నా తప్పు నాకు అప్పుడు తెలిసింది. తప్పని తెలిసేలోపలే ఆవిడ దాన్ని ఒప్పు చేసేశారు.

సాయంత్రం మళ్లీ వెళ్లాం. చీకటి పడితే ఆ కొండవాలు మొత్తం దీపాలే. వేల దీపాలు. మహాలయ పక్షంలో మనం పెద్దల్ని తలుచుకుంటాం, కానీ ఎవరింట్లో వాళ్లం. ఊరంతా ఒకేసారి, ఒకేచోట తలుచుకోవడం నేను అక్కడే చూశాను. నా మటుకు నేను మా అమ్మనీ నాన్ననీ తలుచుకుని, ఎవరూ పట్టించుకోని ఒక పాత సమాధి దగ్గర ఒక దీపం పెట్టాను. అలా పెట్టడం వాళ్ల ఆచారంలోనూ ఉందట.

ఇక తిండి. "మాట్లాడకుండా ఇదే ముందు చెప్పొచ్చుగా" అని వెనక బెంచీలో వారు అనుకుంటున్నారు, నాకు కనిపిస్తోంది.

అతిథి దేవోభవ అని మనం అంటామా, వాళ్లు "గోష్చ్ వ్ దోమ్, బూగ్ వ్ దోమ్" అంటారు. ఇంట్లోకి చుట్టం వస్తే దేవుడొచ్చినట్టే అని. ఇది సరే, ఇలాంటివి ప్రతి దేశంలోనూ ఉండొచ్చు. నాకు నచ్చిన సామెత వేరే ఉంది. "జస్తావ్ షె, ఆ పొస్తావ్ షె." తాకట్టు పెట్టైనా సరే దర్జాగా పెట్టు అని. అంటే మన అప్పు చేసి పప్పు కూడు! మనం దాన్ని ఎత్తిపొడుపుగా అంటాం, వాళ్లూ సగం ఎత్తిపొడుపు, సగం గర్వంగా అంటారు. ఇంకోటి, "చిమ్ హాతా బొగాతా, తిమ్ రాదా." గుడిసెలో ఏముంటే అదే సంతోషంగా పెడతాం అని. కలో గంజో. బల్ల నిండా పదిహేను రకాలు పెట్టి ఈ సామెత చెబుతారు, అదొక్కటే తేడా.

వాళ్ల ముఖ్య భోజనం మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్యన. ముందు సూప్ తప్పనిసరి. ఆదివారం అయితే రోసూ అని కోడిని గంటల తరబడి సన్నటి సెగ మీద ఉడికించిన చారు, అందులో సన్న సేమ్యా. తర్వాత రెండో పళ్లెం. బంగాళాదుంపలు, ఏదో ఒక మాంసం, పుల్లటి మీగడలో కీరా ముక్కలు. అది పెరుగుపచ్చడి చెల్లెలు అనుకోండి. తర్వాత టీ. పాలు పొయ్యరు, నిమ్మచెక్క వేస్తారు. టీతో కేకు. అది అయ్యాక గంటకి "ఏమీ తినలేదు" అని రాత్రి భోజనం.

నేను "చాలు" అంటే ఆవిడ నమ్మరు. మొదటి చాలు మర్యాదకి అనేది, రెండోది మొహమాటానికి అనేది, మూడోదాన్ని ఆలోచించొచ్చు. ఇది ఎవరి పద్ధతి? మనదే! నలభై ఏళ్లు నేను మా ఇంటికొచ్చిన వాళ్లని ఇలాగే చంపుకు తిన్నాను. అవతలి కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో ఎన్నడూ తెలియలేదు. పెట్టడం మనకి వచ్చు. పెట్టించుకోవడం రాదు. ఒకరి ఇంట్లో ఊరికే కూర్చుని, వాళ్లు చేస్తుంటే చూస్తూ, పెట్టింది తిని, బాగుందని చెప్పి లేవడం నాకు ఎంత కష్టమైందో. మొదటి వారం గిన్నెలు కడగడానికి పోయాను. ఆవిడ స్పాంజి లాక్కున్నారు. రెండో వారం మళ్లీ పోయాను. మళ్లీ లాక్కున్నారు. మూడో వారం ఒక కత్తి, నాలుగు బంగాళాదుంపలు నా ముందు పెట్టారు. చుట్టరికం అప్పుడు మొదలైంది.

నేను పంది, గొడ్డు ముట్టను. అక్కడ పంది ముట్టకపోతే సగం వంటలు పోయినట్టే. దాన్ని మా అమ్మాయి ముందే చెప్పింది, ఆవిడ సర్దుకున్నారు. అసలు భయం శనివారం. నేను శనివారం నీచు తినను. ఎలా చెప్పాలి, ఎందుకని అడిగితే ఏం చెప్పాలి, ఒకటే టెన్షన్. ఫోన్‌లో మాట్లాడి చూపించాను. ఆవిడ చదివి, "ఆ! పోస్ట్!" అన్నారు, చాలా మామూలుగా. ఉపవాసం, ఒక్కపొద్దు అన్నమాట. ఆవిడ శుక్రవారం మాంసం ముట్టరు. క్రీస్తుని శిలువ వేసిన రోజు కదా. నాకు శనివారం, ఆవిడకి శుక్రవారం. అంతే, ఇంక వివరించాల్సిన పని లేకపోయింది. ఆ రెండు నెలలూ వారంలో రెండు రోజులు ఆ ఇంట్లో ఇద్దరమూ నీచు మానేశాం. శుక్రవారం ఆవిడ కోసం నేను, శనివారం నా కోసం ఆవిడ.

ఆ రోజుల్లో ఎక్కువగా పియెరోగి చేసేవాళ్లం. మైదాపిండి ముద్ద వత్తి, గాజుగ్లాసు బోర్లించి గుండ్రంగా కోసి, ఉడికించిన బంగాళాదుంప, పాలవిరుగుడు కలిపిన ముద్ద లోపల పెట్టి, సగానికి మడిచి, అంచు నొక్కి, వేడినీళ్లలో ఉడకబెట్టి, పైన వెన్నలో వేయించిన ఉల్లిపాయలు వేస్తారు. మడిచింది చేతిలో పట్టుకుని చూశాను. కజ్జికాయ! ఉత్త కజ్జికాయ! ఆవిడ అంచు వేళ్లతో నొక్కి వదిలేస్తున్నారు. నేను ఒకటి తీసుకుని, మా అమ్మ నేర్పినట్టు అంచుని గోటితో జడ అల్లినట్టు మడత మీద మడత వేశాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూశారు. ఇంకోటి చెయ్యమన్నారు. పక్క ఫ్లాట్ ఆవిడని పిలిచి చూపించారు. ఆ వారం మా అంతస్తులో నా పేరు మోగిపోయింది. తెలుగు ఎం.ఏ. చేసి, ముప్ఫై మూడేళ్లు పాఠాలు చెప్పినా రాని కీర్తి కజ్జికాయ అంచుతో వచ్చింది.

పుల్లదనం దగ్గర కూడా మాకు కుదిరింది. రై పిండిని నీళ్లలో నాలుగైదు రోజులు పులియబెట్టి జూరెక్ అనే సూప్ కాస్తారు. దాని వాసన చూస్తే మా నాయనమ్మ తరవాణి కుండ గుర్తొచ్చింది. నా తోటివాళ్లకి తరవాణి తెలుసు, పిల్లలు ఇంటికెళ్లి అడగండి. వెన్నని కాచి సీసాల్లో పోసి అంగట్లోనే అమ్ముతారు, అంటే నెయ్యే. విమానంలో తేనివ్వలేదని అంత బాధపడ్డాను, అది అక్కడే దొరికింది.

వాళ్ల అపార్ట్‌మెంట్లకి కింద నేలమాళిగ ఉంటుంది, ఫ్లాటుకొక గది. వదినగారు ఒకరోజు టార్చిలైటు తీసుకుని నన్ను కిందకి తీసుకెళ్లారు. అరల నిండా సీసాలు. ఉప్పునీళ్లలో సోయికూర, వెల్లుల్లి వేసి ఊరబెట్టిన దోసకాయలు, వెనిగర్లో పుట్టగొడుగులు, ప్లమ్ పండ్ల జామ్, కోరిందపండ్ల పాకం, పుల్ల క్యాబేజీ. ప్రతి సీసా మీద ఏడాది రాసిన చీటీ. మన అటక మీద జాడీల వరసే, భూమి కిందకి దిగింది. సీసాని స్వోయిక్ అంటారు. వారాంతానికి సొంత ఊరెళ్లి అమ్మ ఇచ్చిన సీసాలు మోసుకొచ్చే ఉద్యోగస్తుల్ని వార్సా వాళ్లు వెటకారంగా "సీసాలు" అంటారట. హైదరాబాదులో ఆదివారం రాత్రి బస్సు దిగే మన పిల్లల సంచుల్లో ఏముంటుందో వేరే చెప్పాలా.

ఈ సీసాలు ఎందుకిన్ని అని అడిగాను. ఒక్క మనిషికి ఇన్నెందుకు? అప్పుడు ఆవిడ తన పాత రోజులు చెప్పారు. చక్కెరకి 1976లో రేషన్ కార్డు వచ్చింది. మాంసానికి 1981లో వచ్చి 1989 దాకా ఉంది. 1981 డిసెంబరు 13న సైనిక చట్టం పెట్టారు. అంగట్లో అరలన్నీ ఖాళీ, వెనిగర్ సీసాలు మాత్రం వరసగా ఉండేవి. కొత్తగా కాపురానికొచ్చిన ఆవిడ క్యూలో తెల్లవారుజామున నిలబడేవారు. ఏం అమ్ముతున్నారో తెలియకుండానే ముందు క్యూలో నిలబడటం, తర్వాత ముందువాళ్లని అడగటం. అలాంటి రోజుల్లోనూ ఇంటికి ఎవరైనా వస్తే బల్ల మీద ఏదో ఒకటి ఉండాలి. అందుకే ఈ సీసాలు. "ఇప్పుడు అంగట్లో అన్నీ ఉన్నాయి కదా" అన్నాను. "ఉన్నాయి, ఆదివారం కొట్లు మూస్తారు" అన్నారు నవ్వుతూ. నిజమే, 2018లో తెచ్చిన చట్టంతో ఏడాదిలో చాలా ఆదివారాలు పెద్ద దుకాణాలు మూసే ఉంటాయి.

ఆ నేలమాళిగ అరలు ఒక్కసారి మాత్రం పూర్తిగా ఖాళీ అయ్యాయట. 2022 మార్చిలో. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన నాలుగు వారాల్లో ఇరవై లక్షల మందికి పైగా పోలండ్ సరిహద్దు దాటి వచ్చారు. అంతమందికీ గుడారాలు వెయ్యలేదు, ఎక్కువమంది మామూలు ఇళ్లల్లోకి వెళ్లారు. వదినగారు ఒక తల్లినీ ఇద్దరు పిల్లల్నీ స్టేషన్ నుంచి తెచ్చుకున్నారు, ఐదు నెలలు ఉంచుకున్నారు. ఈ సంగతి ఆవిడ నాకు గొప్పగా చెప్పలేదు. కోరిందపండ్ల పాకం 2021ది ఒక్క సీసా కూడా లేదేమిటని నేను అడిగితే, "పిల్లలు తాగేశారు" అన్నారు. ఏ పిల్లలు అంటే అప్పుడు బయటపడింది.

మన వైపు కథ ఒకటి అక్కడే విన్నాను, సిగ్గు పడుతూ చెబుతున్నాను. కింది అంతస్తులో తొంభై దగ్గరపడ్డ తాతగారు. నన్ను మెట్ల దగ్గర ఆపి, నా చెయ్యి పైకెత్తి ముద్దు పెట్టుకున్నారు. పాతకాలం మర్యాద అది, నేను భయపడి చావబోయాను. ఆయన "ఇండియా... దోబ్రి మహరాజా" అన్నారు. మంచి మహారాజు అని. ఎవరా మహారాజు? రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ యూనియన్‌కి తరలించిన పోలిష్ కుటుంబాల నుంచి అనాథ పిల్లలు బయటపడితే, గుజరాత్‌లో నవానగర్ మహారాజు జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ 1942లో బాలాచడి అనే ఊళ్లో వాళ్లకి ఆశ్రయం ఇచ్చారు. కొల్హాపూర్ దగ్గర వలివడెలో మరో ఐదు వేల మంది దాకా, యుద్ధం ముగిశాక కూడా, 1948 వరకూ ఉన్నారు. వార్సాలో ఆయన పేర "మంచి మహారాజు చౌక్" ఉంది. నేను వెళ్లేముందు 2024 ఆగస్టులో మన ప్రధాని కూడా అక్కడికి వెళ్లారు. ముప్ఫై మూడేళ్లు బడిలో పనిచేసి నాకు ఇది తెలియదు. మనం పెట్టిన అన్నం మనం మర్చిపోయాం, తిన్నవాళ్లు గుర్తుపెట్టుకున్నారు.

జాలిపియె గురించి రెండు మాటలు. తార్నుఫ్‌కి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో పల్లెటూరు. ఇళ్ల గోడలు, బావులు, కుక్క గూళ్లు, అన్నిటి మీదా పూలు వేస్తారు, ఆడవాళ్లే వేస్తారు. పూర్వం పొగగొట్టం లేని పొయ్యిల వల్ల గోడలు మసిబారితే సున్నం కొట్టేవారు, ఆ సున్నం మీద పూలు మొదలయ్యాయి. 1948 నుంచి పోటీలు కూడా పెడుతున్నారు. సంక్రాంతి ముగ్గుల పోటీల్లాగే. ఫెలిత్సియా త్సురివోవా అనే ఆవిడ, 1974లో పోయారు, ఇంట్లో లోపల పైకప్పు దాకా వేసింది. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మేం వెళ్లిన రోజు మంచు, బురద, ఆకాశం బూడిద రంగు. ఆ పూలు మాత్రం ఎర్రగా.

మేమిద్దరం మాట్లాడుకున్నది ఏ భాషలో అని అందరూ అడుగుతారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆవిడ కాలంలో బడిలో రష్యన్ నేర్పారు. ఫోన్ సగం సాయం చేసింది, కొన్నిసార్లు మోసం చేసింది. ఎక్కువగా ఆవిడ పోలిష్, నేను తెలుగు. ఆశ్చర్యమేమిటంటే సంస్కృతం నాకు పనికొచ్చింది. నిప్పుని వాళ్లు ఒగ్యెన్ అంటారు, అగ్ని. ఆకాశం నియెబొ, నభం. ఎలుక మిష్, మూషికం. నూరు స్తో, శతం. పుట్టినరోజుకి అందరూ నిలబడి "స్తో లాత్" అని పాడతారు, అంటే నూరేళ్లు అని. మన పెద్దవాళ్లు పిల్లలు తుమ్మితే అనే మాటే.

డిసెంబరు 24 సాయంత్రం. విగీలియా. వాళ్లకి క్రిస్మస్ కంటే ముందురోజు రాత్రే పెద్ద పండగ. మా అల్లుడు ఆ మధ్యాహ్నం దాకా ఆఫీసులోనే ఉన్నాడు పాపం. 2025 నుంచి ఆ రోజు ప్రభుత్వ సెలవు చేశారట. మూడున్నరకే పొద్దు గూట్లో పడింది. మొదటి చుక్క కనబడేదాకా ఎవరూ తినకూడదు. మనవరాలు కిటికీకి ముక్కు ఆనించి నిలబడింది. మనకి నాగులచవితి ఉపవాసం, అట్లతద్ది చంద్రుడు ఎలాగో అలాగ.

తెల్ల బట్ట కింద ఎండుగడ్డి పరిచారు, ఏసుక్రీస్తు పశువుల తొట్టెలో పుట్టాడని. పన్నెండు వంటకాలు, ఒక్కదాంట్లోనూ మాంసం లేదు. ఎర్రటి బీట్‌రూట్ చారు, అందులో పుట్టగొడుగులు కూరిన చిట్టి చెవుల్లాంటి ముద్దలు. పియెరోగి, ఈసారి అంచులన్నీ నావే. గోధుమలు, గసగసాలు, తేనె కలిపిన కుత్యా, అది పాయసం కాదంటే నేను ఒప్పుకోను. ఎండుపండ్ల పానకం. బంగారుతీగ చేప, మన కొల్లేరు వైపు దొరికేదే. వదినగారి చిన్నప్పుడు ఆ చేపని ప్రాణాలతో తెచ్చి పండగ దాకా స్నానాల తొట్టిలో ఉంచేవారట. ఇంటిల్లిపాదికీ స్నానాలు బంద్. పిల్లలు దానికి పేరు పెట్టుకుని, పండగ రోజు ఏడ్చేవారట. దాని పొలుసు ఒకటి కడిగి, ఆరబెట్టి, పర్సులో పెట్టుకుంటే ఏడాదంతా డబ్బుకి లోటుండదు. నాకూ ఒకటి ఇచ్చారు. ఇదిగో ఉంది. డబ్బు సంగతి తర్వాత చెబుతాను.

తినడానికి ముందు ఒప్వాతెక్ అని కాగితం లాంటి పల్చటి తెల్ల రొట్టె ఒక్కొక్కరి చేతికిస్తారు. ఒకరి రొట్టె ఒకరు తుంచుకుని తింటూ, కళ్లలోకి చూస్తూ, వచ్చే ఏడాదికి ఏం కోరుకుంటున్నారో చెప్పాలి. ఏడాది పొడుగునా మాట్లాడుకోని అన్నదమ్ములు కూడా ఆ పూట తుంచుకోవాల్సిందేనట. వదినగారు నా రొట్టె తుంచి చాలాసేపు చెప్పారు. ఫోన్ తీయలేదు. నేనూ తీయమనలేదు.

బల్ల మీద ఒక పళ్లెం ఎక్కువ ఉంది. మేం ఐదుగురం, పళ్లేలు ఆరు. అనుకోకుండా తలుపు తట్టేవాళ్ల కోసం అది. పోయినవాళ్ల కోసమని కూడా కొందరంటారు. మా అమ్మాయి తెనాలికి వీడియో కాల్ చేసింది, ఇక్కడ మా చెల్లెలికి అప్పటికి రాత్రి తొమ్మిది దాటింది. పిల్ల ఫోన్ తీసుకుని ఆ ఖాళీ పళ్లెంలో నిలబెట్టింది, "అమ్మమ్మా, నువ్వు ఇక్కడ కూర్చో" అని. మాకందరికీ గొంతు పట్టేసింది. వదినగారు మాత్రం లేచి, ఫోన్ తీసి, తన పళ్లేనికి ఆనించి పెట్టారు. "అమ్మమ్మ మన మనిషి, నా పక్కన కూర్చుంటుంది. అది తెలియనివాళ్ల చోటు" అన్నారు. ఆ రాత్రి ఎవరూ రాలేదు. పళ్లెం కడగకుండానే తుడిచి లోపల పెట్టారు.

28న బయల్దేరాను. నా పెట్టె బరువు వెళ్లేటప్పుడు ఎంతో వచ్చేటప్పుడూ అంతే. ఊరగాయలు ఖాళీ చేసిన చోట పుట్టగొడుగులు, జామ్, గసగసాల రొట్టె కూరారు. గడప లోపలే నిలబెట్టి మూడు ముద్దులు పెట్టారు. నేను మెట్లు దిగుతుంటే పైనుంచి వంగి ఏదో అరిచారు. మా అమ్మాయి నవ్వాపుకోలేక చెప్పింది. "పుట్టగొడుగులు తినేశాక సీసా వెనక్కి పంపమంటోంది." కన్నకొడుక్కైనా అదే మాటట, సీసాలు లెక్కపెట్టి తిరిగి తీసుకుంటారు.

ఇదిగో, ఆ సీసా ఇదే. కడిగి ఎండబెట్టి దాచాను. ఇంకొకరి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, మే నెలలో మాగాయ పెట్టి నింపాను. వచ్చే నెల అల్లుడు వస్తున్నాడు, అతని చేత పంపుతాను. మూత ఇనపరేకుది, అదొక్కటే నాకు బెంగగా ఉంది. ఉప్పుకీ పులుపుకీ తుప్పు పట్టకుండా మూత లోపల ఏం పెట్టాలో మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పి వెళ్లండి.